సుబ్బారావు గారి ల్యాబ్‌లో మిగతావాళ్ళెవరు? కంపెనీ పరిశోధనశాలల చరిత్ర: అపోహలు - వాస్తవాలు

ఏటా జనవరి 12 వచ్చిందంటే వాట్సాప్‌లో ఒకే పోస్టు నాలుగు వైపుల నుంచీ వచ్చి పడుతుంది. 1895లో ఇదే రోజున భీమవరంలో పుట్టిన జీవరసాయనవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారు ఫోలిక్ యాసిడ్ (ఒక బి విటమిన్), మెథోట్రెక్సేట్ (కేన్సర్ మందు), హెట్రజాన్ (బోదకాలు మందు), టెట్రాసైక్లిన్ (యాంటీబయాటిక్) అన్నీ ఒంటిచేత్తో కనిపెట్టారు, అమెరికావాళ్ళు ఆయన్ని తొక్కేశారు, నోబెల్ ఎగ్గొట్టారు అని. పాత కంపెనీ ల్యాబుల చరిత్ర తవ్వడం నా పని కాబట్టి చాలామంది ఇది నాకు పంపి "నిజమేనా అండీ?" అంటారు. విడివిడిగా జవాబులిచ్చే ఓపిక లేక అన్నీ ఒకచోట రాస్తున్నా. ఆయన్ని తక్కువ చేయాలని కాదు. ఆయన పక్కన పనిచేసిన టీమ్ గురించి మనలో దాదాపు ఎవరికీ తెలీదు, ఆ టీమ్‌ని వెతికితే ఆయన చేసిందేమిటో కూడా ఇంకా బాగా తెలుస్తుంది.

అపోహ: లెడర్లీ అంటే సుబ్బారావు గారి ల్యాబ్.

న్యూయార్క్ రాష్ట్రంలో పెర్ల్ రివర్ అనే ఊళ్ళో 1906లో ఎర్న్‌స్ట్ లెడర్లీ పెట్టిన మందుల సంస్థ అది. ఆయన అంతకుముందు న్యూయార్క్ నగర ఆరోగ్య శాఖ అధిపతి. మొదట్లో అక్కడ చేసింది డిఫ్తీరియా లాంటి జబ్బులకి యాంటీటాక్సిన్లు, అంటే ఆ క్రిముల విషానికి విరుగుళ్ళు. 1930లో అమెరికన్ సయనమిడ్ అనే పెద్ద రసాయనాల కంపెనీ దాన్ని కొనేసింది. సుబ్బారావు గారు హార్వర్డ్ వదిలి అక్కడ చేరింది 1940లో, తర్వాత పరిశోధన విభాగానికి డైరెక్టర్ అయ్యారు, 1948 ఆగస్టులో పోయారు. అంటే మొత్తం ఎనిమిదేళ్ళు. ఆ ఎనిమిదేళ్ళలో అంత పని ఎలా జరిగిందన్నదే అసలు ప్రశ్న. "మేధావి కాబట్టి" అనేస్తే వెతకాల్సిన పనే ఉండదు కదా.

అపోహ: ఫోలిక్ యాసిడ్ పేపర్లో ఆయన పేరు ఏడో స్థానంలో వేసి అవమానించారు.

ఇది విన్నప్పుడల్లా నాకు నవ్వొస్తుంది, ఎందుకంటే ఆ పేరు వరసే ఈ కథలో నాకు దొరికిన అన్నిటికంటే మంచి ఆధారం. ఫోలిక్ యాసిడ్ నిర్మాణం, తయారీ చెప్పిన పేపర్ 1946లో సైన్స్ పత్రికలో వచ్చింది, మొత్తం 16 మంది పేర్లు. వరస చూడండి: ఆంజియర్, బూత్, హచింగ్స్, మోవాట్, సెంబ్, స్టాక్‌స్టాడ్, సుబ్బారో, వాలర్. ఇంగ్లీషు అక్షరక్రమంలో ఏ దగ్గర మొదలై డబ్ల్యూ దాకా వచ్చింది, బాగానే ఉంది. ఆ తర్వాత? కాసులిచ్, ఫారెన్‌బాక్, హల్ట్‌క్విస్ట్, కూ, నార్తీ, సీగర్, సికెల్స్, స్మిత్. మళ్ళీ సీ దగ్గరికి వెళ్ళి ఎస్ దాకా.

అక్షరక్రమం రెండుసార్లు మొదలైందంటే అక్కడ ఉన్నవి రెండు టీములు, ఎనిమిది మంది ఒకవైపు, ఎనిమిది మంది ఇంకోవైపు. మొదటి ఎనిమిది మంది పెర్ల్ రివర్‌లో లెడర్లీవాళ్ళు. రెండో ఎనిమిది మంది న్యూజెర్సీలో బౌండ్ బ్రూక్ అనే చోట ఉన్న కాల్కో కెమికల్ విభాగంవాళ్ళు, అది కూడా సయనమిడ్ సొత్తే. ఇక సుబ్బారావు గారి పేరు ఏడోది కావడానికి కారణం ఎస్ అనే అక్షరం తప్ప ఇంకేమీ లేదు. డైరెక్టర్ అయ్యుండి కూడా తన పేరు వరసలోనే వేయించుకున్నారంటే అది ఆయన గురించి మంచి మాటే చెబుతుంది గానీ అవమానం గురించి కాదు.

కంపెనీ ల్యాబ్ పేపర్ చేతికొస్తే నేను ముందు చూసేది పేర్ల వరస, తర్వాత చిరునామాలు, చివర్లో కృతజ్ఞతలు. పేపర్లో చెప్పిన సైన్స్ ఆ తర్వాతే.

అపోహ: మెథోట్రెక్సేట్ సుబ్బారావు గారు కనిపెట్టారు.

ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగాలి.

కాల్కో 1915లో మొదలైన రంగుల కంపెనీ. బట్టలకి వేసే రంగులు, వాటికి కావలసిన ముడిసరుకులు. 1929లో సయనమిడ్ కొంది. తర్వాత సల్ఫా మందులూ (ఇన్ఫెక్షన్లకి వాడేవి) అక్కడ తయారయ్యాయి, పై జాబితాలో ఉన్న నార్తీ ఆ సల్ఫా మందుల్లో పెద్ద నిపుణుడు. మరి విటమిన్ పనికి రంగుల కంపెనీవాళ్ళెందుకు? రంగులు చేసేవాళ్ళకి నైట్రోజన్ ఉన్న వలయాల అణువులు చేయి తిరిగిన పని, సుమారుగా ఫోలిక్ యాసిడ్ కూడా ఆ కుటుంబమే. లెడర్లీలో కాలేయం నుంచి ఆ పదార్థాన్ని వేరుచేయగలిగిన స్టాక్‌స్టాడ్, హచింగ్స్ లాంటి జీవరసాయనవేత్తలున్నారు, బౌండ్ బ్రూక్‌లో దాన్ని పాత్రలో తయారుచేయడంలో ఆరితేరినవాళ్ళున్నారు. ఈ రెండు గుంపులూ ఒకే కంపెనీ కింద ఉండటం, వాళ్ళని ఒక పనిమీద కూర్చోబెట్టగల మనిషి ఒకడుండటం, నా దృష్టిలో ఆ ఎనిమిదేళ్ళ రహస్యంలో సగం ఇదే.

వాళ్ళు చేసిన ఫోలిక్ యాసిడ్ తయారీలో మూడు పదార్థాలు ఒకే పాత్రలో కలుస్తాయి: ఒక పిరిమిడిన్ (నైట్రోజన్ ఉన్న వలయం), మూడు కార్బన్ల ఆల్డిహైడ్ ఒకటి, పారా అమైనో బెంజోయిల్ గ్లుటామిక్ యాసిడ్. ఆ పిరిమిడిన్‌లో ఒక మూల ఉన్న హైడ్రాక్సీ గుంపు బదులు అమైనో గుంపు ఉన్న పిరిమిడిన్ వేస్తే, మిగతాదంతా దాదాపు అలాగే ఉంచితే, వచ్చేది ఫోలిక్ యాసిడ్ కాదు, దానికి శత్రువు, అంటే ఒంట్లో దాని పనిని అడ్డుకునేది: అమైనోప్టెరిన్. దాని పేపర్ 1947లో అమెరికన్ కెమికల్ సొసైటీ పత్రికలో వచ్చింది, రాసినవాళ్ళు సీగర్, స్మిత్, హల్ట్‌క్విస్ట్. అందులో సుబ్బారావు పేరు లేదు. ఇంకో మిథైల్ గుంపు చేరిస్తే మెథోట్రెక్సేట్, ఆ పేపర్ 1949, రాసినవాళ్ళు సీగర్, కాసులిచ్, స్మిత్, హల్ట్‌క్విస్ట్. అప్పటికి ఆయన లేరు.

1946 పేపర్లో డి.ఆర్. సీగర్, డి.బి. కాసులిచ్ అని పొడి అక్షరాలే ఉంటాయి. అవి చూసి ఇన్నాళ్ళూ అందరం మగవాళ్ళే అనుకుంటూ చదివేశాం. 1949 పేపర్లో పూర్తి పేర్లున్నాయి: డోరిస్ సీగర్, డోనా కాసులిచ్. ఇవాళ కీళ్ళవాతానికీ కేన్సర్‌కీ లక్షలమంది వాడే మందుని మొదటిసారి ప్రకటించిన పేపర్లో మొదటి రెండు పేర్లు ఇద్దరు మహిళలవి, వాళ్ళున్నది ఒక రంగుల ఫ్యాక్టరీ విభాగంలో, మన ఫార్వర్డ్ పోస్టుల్లో మాత్రం ఎక్కడా కనబడరు. సుబ్బారావు గారిని ఎవరూ పట్టించుకోలేదని మనం బాధపడుతూ అదే పని వీళ్ళకి చేస్తున్నాం.

మరి ఆయన పాత్ర ఏమిటి? చాలా పెద్దదే. బోస్టన్‌లో పిల్లల కేన్సర్ డాక్టర్ సిడ్నీ ఫార్బర్‌కి ఈ పదార్థాలు అందింది లెడర్లీ నుంచి, సుబ్బారావు గారితో ఉన్న సంబంధం వల్ల. ముందు ఫోలిక్ యాసిడ్‌కి దగ్గరి పదార్థాలిస్తే లుకేమియా ఉన్న పిల్లల్లో జబ్బు ఇంకా వేగంగా పెరిగినట్టు కనిపించింది, దాంతో ఆలోచన తిరగబడి, శత్రువు పదార్థాలు ఇచ్చి చూశారు. 1948 జూన్‌లో ఫార్బర్ పేపర్ వచ్చింది, 16 మంది పిల్లల్లో 10 మందికి కొంతకాలం గుణం కనిపించింది. జంతువుల మీద ఈ శత్రువు పదార్థాల పని చూసినవాళ్ళు మళ్ళీ వేరు, పెర్ల్ రివర్‌లో ఫ్రాంక్లిన్, స్టాక్‌స్టాడ్, బెల్ట్, జ్యూక్స్. ఎవరేం చేశారో ఇలా పేరు పేరునా విడదీసి రాస్తే పోస్టు పొడుగవుతుంది, ఎవరూ ఫార్వర్డ్ చేయరు, తెలుసు.

అపోహ: పేపర్ తేదీయే కనిపెట్టిన తేదీ.

యూనివర్సిటీలో అయితే కొంతవరకు నిజం, కంపెనీలో కాదు. ఇదే టీమ్ 1945 ఆగస్టులో సైన్స్‌లో ఇంకో చిన్న పేపర్ వేసింది, ఆ పదార్థాన్ని తయారుచేశాం అని మాత్రం చెప్పి నిర్మాణం చెప్పలేదు. నిర్మాణం బయటికొచ్చింది 1946లో. పోటీలో పార్క్-డేవిస్ కంపెనీ కూడా కాలేయం నుంచే అదే విటమిన్‌ని వేరుచేసి 1943లోనే ప్రకటించి ఉంది, కాబట్టి ఎవరి టెన్షన్ వాళ్ళది. ఎప్పుడు ఎంత చెప్పాలన్నది కంపెనీలో సైంటిస్టు ఒక్కడే నిర్ణయించుకునే విషయం కాదు.

అపోహ: ఆయన ఉదారంగా పేటెంట్లు వదిలేశారు.

కంపెనీ ఉద్యోగి పేటెంట్ హక్కు మామూలుగా కంపెనీకే రాసిస్తాడు, వదిలేయడానికి చేతిలో ఏమీ ఉండదు. పైగా అమెరికా చట్టంలో ఆవిష్కర్తగా పేరు ఉండాల్సింది ఆ పేటెంట్‌లో అడిగిన విషయాన్ని నిజంగా ఆలోచించినవాళ్ళది, డైరెక్టర్ కదా అని పేరు కలిపితే పేటెంటే చిక్కుల్లో పడొచ్చు. అందుకే పేటెంట్‌లో పేరు లేకపోవడాన్ని త్యాగం అనుకోవద్దు, అన్యాయం అనీ అనుకోవద్దు.

అపోహ: టెట్రాసైక్లిన్ ఆయనదే.

లెడర్లీ నుంచి వచ్చింది ఆరియోమైసిన్, అంటే క్లోర్‌టెట్రాసైక్లిన్. దాన్నిచ్చే బంగారు రంగు సూక్ష్మజీవిని గుర్తించినవాడు బెంజమిన్ డగ్గర్, విస్కాన్సిన్‌లో వృక్షశాస్త్ర ప్రొఫెసర్‌గా రిటైరై డెబ్బై దాటాక లెడర్లీలో చేరిన మనిషి. మట్టి వచ్చింది మిస్సోరీ యూనివర్సిటీకి చెందిన శాన్‌బోర్న్ ఫీల్డ్ అనే పాత ప్రయోగ క్షేత్రం నుంచి, 23వ మడి, పంపింది అక్కడి మట్టి శాస్త్రజ్ఞుడు విలియం ఆల్‌బ్రెక్ట్. ల్యాబ్‌లో దాని నంబర్ ఏ-377. 1948 జులైలో ప్రకటించారు. రోగుల మీద మొదట వాడి చూసినవాళ్ళలో హార్లెం ఆసుపత్రిలోని నల్లజాతి సర్జన్ లూయిస్ రైట్, ఆయన బృందం ఉన్నారు. ఇక ఉత్త టెట్రాసైక్లిన్ అసలు లెడర్లీలోనే పుట్టలేదు, అది ఫైజర్‌లో లాయిడ్ కానోవర్ పని. తమాషా ఏంటంటే ఇన్నేళ్ళ తర్వాత, కొనుగోళ్ళ మీద కొనుగోళ్ళు జరిగి, లెడర్లీ కూడా చివరికి ఫైజర్ చేతికే పోయింది.

హెట్రజాన్ సంగతీ అంతే. మన ఊళ్ళల్లో బోదకాలు రాకుండా ఆశా కార్యకర్తలు ఎదురుగా నిలబడి మింగించే డీఈసీ మాత్ర అదే. 1947 పేపర్లో హెవిట్, కుష్నర్, స్టీవర్ట్, వైట్, వాలెస్, చివర సుబ్బారో. ఈసారి పేర్లు అక్షరక్రమంలో లేవు, డైరెక్టర్ చివర ఉన్నాడు, చదివే పద్ధతి మళ్ళీ మార్చుకోవాలి.

అపోహ: కావాలనే నోబెల్ ఇవ్వలేదు.

నామినేషన్ల వివరాలు 50 ఏళ్ళు రహస్యం, ఆ తర్వాత నోబెల్ సంస్థ బయటపెడుతుంది, ఆ కాలంవి ఇప్పుడు ఎవరైనా వెతికి చూసుకోవచ్చు. లుకేమియా ఫలితాలు జూన్‌లో, ఆరియోమైసిన్ జులైలో, ఆయన పోయింది ఆగస్టులో. పోయినవాళ్ళకి మామూలుగా నోబెల్ ఇవ్వరు, ఇంతకంటే చెప్పాల్సింది లేదు.

అపోహ: పక్కన పనిచేసినవాళ్ళు చెప్పిందే పక్కా సాక్ష్యం.

హార్వర్డ్‌లో సుబ్బారావు గారితో పనిచేసిన సైరస్ ఫిస్కే ఆయన పనిని బయటికి రానివ్వలేదన్న మాట బాగా తిరుగుతుంది. ఇందులో తరచూ చూపించే సాక్షి జార్జ్ హిచింగ్స్, అదే విభాగంలో చదువుకున్నవాడు, 1988లో నోబెల్ వచ్చినవాడు. అలాంటివాడి మాట కొట్టిపారేయలేం. కానీ దశాబ్దాల తర్వాత చెప్పిన జ్ఞాపకం అది, ఆనాటి నోటుబుక్కు కాదు. నేను అలాంటివి రాసుకుంటాను, పక్కన "జ్ఞాపకం" అని గుర్తు పెట్టుకుంటాను, ఆనాటి ఉత్తరమో రిజిస్టరో దొరికేదాకా వాక్యంలో "అట" తీసేయను.

అపోహ: కంపెనీ తలుపు తీయకపోతే చరిత్ర అక్కడితో ఆఖరు.

మా పనిలో కొత్తగా దిగినవాళ్ళని నిరుత్సాహపరిచేది ఇదే. సయనమిడ్‌ని 1994లో అమెరికన్ హోమ్ ప్రొడక్ట్స్ కొంది, ఆ కంపెనీ 2002లో పేరు మార్చుకుని వైయెత్ అయింది, వైయెత్‌ని 2009లో ఫైజర్ కొంది. ఇన్ని చేతులు మారాక పాత ల్యాబ్ నోటుబుక్కులు అడిగితే ఏ కంపెనీ అయినా సామాన్యంగా జవాబివ్వదు. ఒకచోట నాకు మూడు శాఖలు మార్చి చివరికి మొదటి శాఖకే పంపారు, కంపెనీ పేరెందుకులెండి.

కానీ కంపెనీకి ఇష్టం లేకపోయినా కాగితాలు పుట్టే చోట్లు కొన్నుంటాయి. ఒకటి కోర్టులు, ప్రభుత్వ విచారణలు. టెట్రాసైక్లిన్ ధరల మీద, పేటెంట్ మీద సయనమిడ్, ఫైజర్ సహా కొన్ని కంపెనీలపై అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1958లో కేసు పెట్టింది, ఏళ్ళతరబడి నడిచింది. ఇలాంటి కేసుల్లో ఎవరు ఏ నెలలో ఏ ప్రయోగం చేశారో ప్రమాణం చేసి చెప్పాల్సి వస్తుంది.

రెండోది ఎవరూ ఊహించనిది, కాలుష్యం ఫైళ్ళు. బౌండ్ బ్రూక్ ఫ్యాక్టరీ రారిటన్ నది ఒడ్డున ఉండేది, దశాబ్దాల రసాయన వ్యర్థం అక్కడి గుంటల్లో పేరుకుపోయి, 1983లో ఆ స్థలం అమెరికా పర్యావరణ సంస్థవాళ్ళ సూపర్‌ఫండ్ జాబితాకెక్కింది, అంటే తప్పక శుభ్రం చేయాల్సిన బాగా కలుషితమైన స్థలాల జాబితా. శుభ్రం చేయాలంటే ముందు ఎక్కడ ఏం తయారైందో, ఏ గుంటలో ఏ వ్యర్థం ఏ కాలంలో పోశారో తేల్చాలి. అందుకని స్థలం చరిత్రంతా కూర్చి రాస్తారు, అవి ప్రజలకి అందుబాటులో ఉంటాయి. సీగర్, కాసులిచ్‌ల టీమ్ ఎలాంటి ఫ్యాక్టరీ మధ్య పనిచేసిందో తెలుసుకోవాలంటే పెర్ల్ రివర్ జ్ఞాపికల కంటే ఈ మురికి రిపోర్టులు ఎక్కువ పనికొస్తాయి.

వెతికేటప్పుడు ఆయన పేరు సుబ్బారో అని కలిపి, సుబ్బా రో అని విడదీసి, సుబ్బారావు అని, ఒక్కోసారి ఉత్త రో కింద కూడా చూడండి, అక్కడి ఇండెక్సులు చేసినవాళ్ళకి మన ఇంటిపేరు ముందుంటుందని తెలీదు. జీవజాతుల పేర్ల జాబితాలు కూడా వదలొద్దు: 1953లో హెసెల్టైన్ అనే శిలీంధ్ర శాస్త్రజ్ఞుడు, లెడర్లీలో పనిచేసినవాడే, మురుగునీటిని శుద్ధిచేసే ఫిల్టర్లలో దొరికిన ఒక బూజుకి సుబ్బరోమైసిస్ అని పేరు పెట్టాడు.