చనిపోయిన సైనికుడి పేరు ఎవరు రాసిపెట్టాలి?

1950 జూన్‌లో కొరియా యుద్ధం మొదలయ్యేనాటికి, ఆ ప్రాంతం మొత్తానికీ అమెరికా సైన్యం దగ్గర మృతదేహాల పని తెలిసిన దళం ఒక్కటే ఉంది. అది జపాన్‌లోని యొకొహామాలో ఉండే 108వ గ్రేవ్స్ రిజిస్ట్రేషన్ (సమాధుల నమోదు) ప్లటూన్. మనుషులు 30 మంది. వాళ్లకీ తీరిక లేదు. ఐదేళ్ల కిందట ముగిసిన రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవుల్లో పోయినవాళ్ల ఎముకలను అప్పటికింకా వెతుకుతూనే ఉన్నారు. దాంతో కొరియాలో దిగిన ప్రతి డివిజనూ తన శ్మశానాన్ని తానే ఏర్పాటు చేసుకోవాల్సి వచ్చింది.

యుద్ధ ప్రణాళికల్లో తిండికి, మందులకు, పెట్రోలుకు, తూటాలకు లెక్క ఉంటుంది. ఎంతమంది గాయపడతారు, ఎంతమంది చనిపోతారు అన్న అంచనా కూడా ఉంటుంది. చనిపోయినవాళ్లను ఎవరు వెనక్కి తేవాలి, ఎక్కడ ఉంచాలి, ఫలానావాడని ఎవరు ఖాయం చేయాలి అన్నది మాత్రం చాలాసార్లు యుద్ధం మొదలయ్యాకే గుర్తొచ్చింది. యుద్ధం అవగానే ఆ విభాగాన్ని రద్దు చేయడం, మళ్లీ యుద్ధం రాగానే హడావుడిగా పుట్టించడం గత 160 ఏళ్లలో పదేపదే జరిగింది.

ఈ పనికి రాతపూర్వకమైన నిబంధనలు పెద్ద ఎత్తున కనిపించేది అమెరికా అంతర్యుద్ధ కాలంలో. 1861 సెప్టెంబరులో సైనిక ఆస్పత్రులకు మరణాల రిజిస్టర్లు, సమాధుల మీద పాతే చెక్క పలకలు ఇవ్వాలని ఉత్తర్వు వచ్చింది. 1862 ఏప్రిల్‌లో ఇంకోటి: ప్రతి యుద్ధభూమి దగ్గరా కొంత స్థలం కేటాయించి, చనిపోయినవాళ్లను పాతిపెట్టి, సమాధికి నంబరు, వీలైతే పేరు రాయాలి. అయితే ఆ పనికి విడిగా మనుషుల్ని గానీ బండ్లను గానీ ఇవ్వలేదు. ఓడి వెనక్కి పోతున్న సేనాని శత్రువు చేతిలో పడిన మైదానంలో ఎవరిని పాతిపెడతాడు? 1864లో వర్జీనియాలోని కోల్డ్ హార్బర్ దగ్గర పడినవాళ్లలో కొందరి ఎముకలను మరుసటి ఏడాది ఏప్రిల్‌లో నల్లజాతి కూలీలు ఏరుతున్న ఫొటో ఇప్పటికీ ఉంది. యుద్ధం ముగిశాక ఐదేళ్లపాటు ఊరూరా తిరిగి, దాదాపు 3 లక్షల మంది ఉత్తరాది సైనికుల అవశేషాలను తవ్వి తీసి జాతీయ శ్మశానాలకు చేర్చారు. అందులో సగానికి కాస్త తక్కువ మందికి పేరు దొరకలేదు. దక్షిణాది వారిని ఈ లెక్కలోకే తీసుకోలేదు.

దీనికి పూర్తి భిన్నమైన ఉదాహరణ అదే యుద్ధంలో, అన్నిటికన్నా ఘోరమైన చోట దొరుకుతుంది. జార్జియాలోని ఆండర్సన్‌విల్ జైలు శిబిరంలో దాదాపు 13 వేల మంది ఉత్తరాది బందీలు ఆకలితో, రోగాలతో చనిపోయారు. అక్కడ పేరు తెలియని సమాధులు 460 మాత్రమే. శవాలను వరుసగా నంబర్లతో పూడ్చడం ఒక కారణం. డోరెన్స్ అట్వాటర్ అనే కుర్ర బందీ రెండో కారణం. మరణాల రిజిస్టరు రాసే పని అతనికి అప్పగిస్తే, దానికి రహస్యంగా ఇంకో ప్రతి రాసి దాచుకుని బయటికి తెచ్చాడు. 1865 వేసవిలో, గాయపడిన సైనికులకు సేవ చేసి పేరుపొందిన క్లారా బార్టన్, సైన్యం పంపిన బృందం ఆ జాబితా పట్టుకునే సమాధులకు పేర్లు పెట్టారు. గెలిచిన సైన్యం తన యుద్ధభూముల్లో చేయలేని పని, శత్రువు జైల్లో ఒక ఖైదీ కాగితం వల్ల అయింది. ఈ చరిత్రంతటిలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించేది ఇదే. వెనకొచ్చిన టెక్నాలజీ ఎంత గొప్పదైనా, మొదటి గంటల్లో అక్కడున్నవాడు ఏం రాసిపెట్టాడన్నదే చాలావరకు ఫలితాన్ని తేల్చింది.

1899లో ఫిలిప్పీన్స్‌లోని మనీలాలో చార్లెస్ పియర్స్ అనే సైనిక మతగురువు గుర్తింపు కార్యాలయం నడిపాడు. ప్రతి సైనికుడి ఒంటిమీద గుర్తింపు బిళ్ల ఉండాలని సిఫార్సు చేసిన వాళ్లలో ఆయన ఒకడు. ప్రష్యా సైన్యం 1870 నాటి యుద్ధంలోనే బిళ్లలు వాడింది. అమెరికా 1906లో అల్యూమినియం బిళ్ల తెచ్చింది.

ఒక్క బిళ్లతో వచ్చే చిక్కు మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్‌కు బాగా తెలిసొచ్చింది. సైనికుడు చనిపోతే తోటివాడు మెడలోని బిళ్ల తీసుకెళ్లి ఆఫీసులో ఇచ్చేవాడు. మరణం నమోదయ్యేది, ఇంటికి కబురు వెళ్లేది, అక్కడున్న శరీరం మాత్రం అనామకమైపోయేది. 1916 సెప్టెంబరులో రెండు బిళ్లల పద్ధతి పెట్టారు: ఎర్రది తీసుకెళ్లాలి, పచ్చది శరీరంతోనే ఉండాలి. అప్పటికే సోమ్ యుద్ధం రెండు నెలలకు పైగా సాగింది. ఆ ప్రాంతంలో ఆనవాలు దొరకనివాళ్ల కోసం కట్టిన థీప్వాల్ స్మారకం మీద 72 వేలకు పైగా పేర్లున్నాయి. అందరివీ బిళ్లవల్లే పోయాయని కాదు. ఫిరంగి గుండ్లు శరీరాలనే మిగల్చలేదు. కానీ ఇంత చిన్న మార్పుకు రెండేళ్ల యుద్ధం పట్టింది.

బిళ్ల ఎంత కాలం నిలుస్తుందో చెప్పడానికి సియాచిన్ ఉదంతం చాలు. 1984లో హిమపాతంలో చిక్కుకుపోయిన భారత జవాను దేహం 2022 ఆగస్టులో దొరికితే, బిళ్ల మీది సైనిక నంబరుతోనే ఎవరన్నది తెలిసింది.

బ్రిటన్‌లో సమాధుల నమోదును ఒక వ్యవస్థగా మార్చింది ఫేబియన్ వేర్. వయసు దాటిందని సైన్యం తీసుకోకపోతే రెడ్‌క్రాస్ వాహన బృందంతో ఫ్రాన్స్ వెళ్లాడు. సమాధుల వివరాలు ఎవరూ రాయడం లేదని గమనించి తామే మొదలుపెట్టారు. 1915లో సైన్యం ఆ పనిని గుర్తించింది. 1917 మేలో అది రాజశాసనంతో ఇంపీరియల్ వార్ గ్రేవ్స్ కమిషన్ అయింది. ఈలోగా పెద్ద గొడవ ఒకటి నడిచింది. 1915 ఏప్రిల్‌లో మాజీ ప్రధాని గ్లాడ్‌స్టన్ మనవడి దేహాన్ని ప్రత్యేక అనుమతితో ఇంటికి తెచ్చారు. డబ్బు, పలుకుబడి ఉన్నవాళ్ల బిడ్డలే ఇల్లు చేరతారా అన్న ప్రశ్న రాకుండా, ఇక ఎవరినీ తవ్వి తేకూడదని నిషేధించారు. అధికారికైనా, సిపాయికైనా ఒకే కొలత రాయి. న్యాయమైన నిర్ణయమే, కానీ తల్లులకు ఇది మింగుడుపడలేదు. వేల సంతకాలతో అర్జీలు పెట్టారు, 1920లో పార్లమెంటులో వాదనలు జరిగాయి, ప్రభుత్వం వెనక్కి తగ్గలేదు.

అమెరికా దీనికి వ్యతిరేక దారి పట్టింది. 1917లో గ్రేవ్స్ రిజిస్ట్రేషన్ సర్వీసు పెట్టి, రిటైరైన పియర్స్‌నే మళ్లీ పిలిచింది. యుద్ధం తర్వాత నిర్ణయం కుటుంబాలకే వదిలేసింది. దాదాపు 46 వేల దేహాలు సముద్రం దాటి వచ్చాయి, 30 వేల వరకు యూరప్‌లోనే ఉండిపోయాయి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇదే పద్ధతిలో 1,71,000కు పైగా దేహాలు ఇంటికొచ్చాయి. మధ్యలో మాత్రం ఆ విభాగం దాదాపు మాయమైపోయింది. 1942లో సైన్యం మళ్లీ కదిలేసరికి శిక్షణ పొందినవాళ్లు చాలినంతమంది లేరు. నెదర్లాండ్స్‌లోని మార్‌గ్రాటెన్ శ్మశానంలో చలిలో, బురదలో గోతులు తవ్వింది చాలావరకు నల్లజాతి సైనికులు. కోల్డ్ హార్బర్ నుంచి మార్‌గ్రాటెన్ దాకా ఈ పని ఎవరి నెత్తిన పడిందో చూస్తే, సైన్యం దీనికి ఎంత విలువ ఇచ్చిందో తెలుస్తుంది.

కొరియాలో అసలు మలుపు వచ్చింది. సైన్యం ముందుకు వెళ్లినప్పుడు పెట్టిన శ్మశానాలు, వెనక్కి తగ్గగానే శత్రువు చేతికి పోయాయి. 1950 చలికాలంలో ఉత్తర కొరియా రేవు హుంగ్నమ్ నుంచి ఓడల మీద తప్పుకున్నప్పుడు, అక్కడ పాతిపెట్టినవాళ్లను అక్కడే వదిలి రావాల్సి వచ్చింది. ఇక అక్కడే పాతడం మాని, యుద్ధం జరుగుతుండగానే దేహాలను జపాన్‌లోని కొకురా గుర్తింపు ల్యాబుకు, అక్కడి నుంచి ఇంటికి పంపాలని ఆ చలికాలంలోనే నిర్ణయించారు. జపాన్ దగ్గరగా ఉండటం, సముద్రం, ఆకాశం తమ అదుపులో ఉండటం వల్ల అది కుదిరింది. వదిలేసి వచ్చినవాళ్లలో కొందరు 1954లో, ఇరుపక్షాలూ శవాలు మార్చుకున్నప్పుడు వచ్చారు. నాలుగు వేలకు పైగా దేహాల్లో పేరు తేలనివాటిని హవాయిలో పాతిపెట్టారు. పాడవకుండా వాటికి పట్టించిన ఫార్మాల్డిహైడ్ పొడే దశాబ్దాల తర్వాత డీఎన్ఏ తీయడానికి పెద్ద అడ్డంకైంది.

వియత్నాంలో హెలికాప్టర్లు, రెండు పెద్ద మార్చురీలు ఉండటంతో దేహాలు రోజుల్లోనే ఇల్లు చేరాయి. అక్కడి నుంచి ప్రజలు దీన్ని హక్కుగా చూడటం మొదలుపెట్టారు. బ్రిటన్ కూడా అర్జెంటీనాతో జరిగిన 1982 ఫాక్‌లాండ్స్ యుద్ధం తర్వాత పాత నిషేధం సడలించి 64 మందిని ఇంటికి తెచ్చింది.

గుర్తింపు శాస్త్రం పెరిగినా, కాగితాల దగ్గర తప్పులు ఆగలేదు. 1985 డిసెంబరులో కెనడాలోని గాండర్ దగ్గర విమానం కూలి 248 మంది అమెరికన్ సైనికులు చనిపోయారు. దంతాల రికార్డులతో పోల్చి గుర్తించాల్సిన ఆ ప్రమాదంలో, చాలామంది వైద్య రికార్డులు అదే విమానంలో ఉండి వాళ్లతోపాటే కాలిపోయాయి. 1984లో వియత్నాం యుద్ధపు అజ్ఞాత సైనికుడిగా ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానంలో సకల లాంఛనాలతో సమాధి చేసిన ఎముకలు, 1998లో డీఎన్ఏ పరీక్షలో పైలట్ మైకేల్ బ్లాసీవని తేలాయి. ఆయనవే కావచ్చని సూచించే వస్తువులు 1972లోనే వాటితోపాటు దొరికాయి. 1990ల మొదట్లోనే అమెరికా ప్రతి సైనికుడి రక్తపు చుక్కను ముందుగానే భద్రపరిచే ఏర్పాటు చేసింది. యుద్ధానికి ముందే చేసిన పని అని చెప్పుకోదగ్గవి చాలా తక్కువ, ఇది వాటిలో ఒకటి.

ఇంకో ఉదాహరణలో శాస్త్రమూ, కాగితమూ కలిసి పనిచేశాయి. 1983లో జెఫ్రీ కార్డోజో అనే బ్రిటిష్ అధికారి ఫాక్‌లాండ్స్‌లో చెల్లాచెదురుగా ఉన్న అర్జెంటీనా సైనికుల దేహాలను సేకరించి డార్విన్ శ్మశానంలో పాతిపెట్టించాడు. సగానికి పైగా పేర్లు తెలియలేదు. అయినా ఒక్కో దేహాన్ని జాగ్రత్తగా చుట్టించి, ఎక్కడ దొరికింది, ఒంటిమీద ఏమున్నాయి అన్నవన్నీ రాసి నివేదిక ఇచ్చాడు. 2017లో రెడ్‌క్రాస్ నిపుణులు ఆ సమాధులు తెరిచారు. డీఎన్ఏతో పోల్చి వందకు పైగా పేర్లు తేల్చగలిగారు. వాళ్లు శత్రు సైనికులు. జెనీవా ఒప్పందాలు 1906 నుంచీ అడుగుతున్నదీ ఇదే: మైదానం ఎవరి చేతిలో ఉంటే వాళ్లు రెండు పక్షాల మృతులనూ దోపిడీ నుంచి కాపాడాలి, పరీక్షించాకే పాతాలి. 1949 ఒప్పందం ప్రకారం వీలైనంతవరకు ఒక్కొక్కరినీ విడిగా, వారి మతాచారం ప్రకారం ఖననం చేయాలి. జంట బిళ్లలో సగం శరీరంతోనే ఉంచాలి.

ఇప్పటి ప్రణాళికల్లో ఈ అనుభవాలన్నీ కలిశాయి. దేహం దొరికిన చోటు మ్యాప్ మీద గుర్తించాలి. జేబులోని వస్తువులు తీసి పక్కన పెట్టకూడదు, అవే ఆనవాళ్లు. తోటి సైనికుడు ముఖం చూసి చెప్పినా అది ‘ఫలానావాడని అనుకుంటున్నాం’ అన్నంతవరకే. ఖాయం చేసేది వెనక ఉన్న వైద్య నిపుణులు. ముందు వరుసలో సేకరణ కేంద్రం, అక్కడి నుంచి విమానం దాకా వాహనాలు, ఐసు, కోల్డ్ స్టోరేజి కంటైనర్లు, సొంత వస్తువులను కుటుంబానికి చేర్చే గొలుసు, రసాయనాలు అంటిన దేహాలకు వేరే పద్ధతి, ఆ దేశపు చట్టాలు, ఇవన్నీ ముందే రాసుకోవాలి. ఆ పని చేసేవాళ్ల మానసిక స్థితిని కూడా. చనిపోయినవాడి పర్సులో పిల్లల ఫొటో చూసిన క్షణం నుంచి అతను తన సొంత మనిషైపోతాడని, అందుకే ఉత్తరాలు, ఫొటోలు అవసరానికి మించి చూడొద్దని వాళ్లకు చెబుతారు. పాటించడం ఎంత కష్టమో వేరే చెప్పక్కర్లేదు.

అయితే ఈ ఏర్పాటంతా ఒక నమ్మకం మీద నిలబడింది: ఆకాశం మనదే, విమానం వస్తుంది, మరణాలు రోజుకు పదుల్లో ఉంటాయి. ఇరాక్, అఫ్గానిస్థాన్‌లలో అది నిజం. అమెరికా సైన్యంలో ఈ పనికి పూర్తికాలపు కంపెనీలు చాలా ఏళ్లుగా రెండే, 54వది, 111వది. మిగతావి రిజర్వులో ఉంటాయి. సమానబలం ఉన్న శత్రువుతో పెద్ద యుద్ధం వస్తే ఈ లెక్క చాలదని వాళ్లకూ తెలుసు. అందుకే కొరియా తర్వాత దాదాపు పక్కనపెట్టిన తాత్కాలిక ఖననం గురించి మళ్లీ చర్చిస్తున్నారు. దానికి అనుమతి ఇచ్చే అధికారం ఆ యుద్ధరంగపు అత్యున్నత కమాండర్‌కే ఉంది. ఎందుకంటే తాత్కాలికంగా పాతిన చోటు రేపు ఎవరి చేతిలో ఉంటుందో తెలియదు.

2025 జూన్‌లో ఇస్తాంబుల్ ఒప్పందం కింద రష్యా 6 వేలకు పైగా దేహాలను ఉక్రెయిన్‌కు అప్పగించింది. ఒకే మనిషి అవశేషాలు వేర్వేరు సంచుల్లో, వేర్వేరు విడతల్లో వచ్చాయని ఉక్రెయిన్ అధికారులు చెప్పారు. ప్రతి ముక్కకూ డీఎన్ఏ తీయాలి, కుటుంబాల నమూనాలతో పోల్చాలి. శీతల వాహనాలు ఆ సంచులను కొన్ని రోజుల్లోనే చేర్చాయి. ల్యాబుల పని మాత్రం నెలల తరబడి సాగేది.