రోహిణి కార్తెకు తట్టుకునే వాటర్ కూలింగ్

కంప్యూటర్ చిప్పుల వేడిని నీళ్లతో మోయించి, రేడియేటర్ దగ్గర గాలికి వదిలేయడమే వాటర్ కూలింగ్. అందులో విరివిగా వాడే డీ5 రకం పంపు తట్టుకోగల నీటి వేడి 60 డిగ్రీలు. గట్టి గొట్టాల్లో ఎక్కువమంది కొనే పీఈటీజీ ప్లాస్టిక్‌కు కూడా దాదాపు అదే హద్దు. అది దాటితే గొట్టం మెత్తబడి, దాన్ని భాగానికి బిగించే ఫిట్టింగ్ దగ్గర జారుతుంది. గది 22 డిగ్రీలుండే చలిదేశంలో ఈ హద్దు ఎవరికీ గుర్తుండదు. హనుమకొండలో పై అంతస్తు స్లాబు కింది గదిలో మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీలు ఉండటం వింతేమీ కాదు. రేడియేటర్ ఎంత పెద్దదైనా నీటిని గది గాలికంటే చల్లగా చేయలేదు. 60లోంచి 40 తీసేస్తే మిగిలింది 20 డిగ్రీలు. మొత్తం వేడిని ఆ సందులోనే బయటికి తోలాలి. కాబట్టి భాగాల ఎంపికకు లెక్క రోళ్లు పగిలే రోహిణి కార్తె నుంచి మొదలుపెట్టి వెనక్కి రావాలి. డిసెంబరులో కట్టి, డిసెంబరులోనే పరీక్షించి బాగుందనుకున్న సిస్టమ్ మే నెలలో మొండికేయడానికి కారణం చాలాసార్లు ఇదే.

ముందు వాట్లు కూడాలి. ప్రాసెసర్‌కు బయోస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగుల్లో) 200 వాట్ల హద్దు పెట్టారనుకుందాం. ఆర్‌టీఎక్స్ 4080 గ్రాఫిక్స్ కార్డు 320 వాట్లు. పంపు తినే కరెంటు కూడా చివరికి వేడే, దానికి 20. మొత్తం 540. నిమిషానికి సుమారు 1200 నుంచి 1500 చుట్ల వేగంతో తిరిగే ఫ్యానుతో, నీళ్లు గాలికంటే 10 డిగ్రీలు వేడిగా ఉన్నప్పుడు, 120 మిల్లీమీటర్ల రేడియేటర్ ముక్క ఒక్కటి దాదాపు 100 వాట్లు వదులుతుంది. ఇది మోటు లెక్కే అయినా కొనుగోలుకు సరిపోతుంది. ఒక్క 360 మిల్లీమీటర్ల రేడియేటర్ అంటే అలాంటి ముక్కలు మూడు. ముక్కకు 180 వాట్లు పడతాయి, నీళ్లు గాలికంటే 18 డిగ్రీలు పైకి పోతాయి. 40 డిగ్రీల గదిలో అది 58, అంటే హద్దుకు రెండు డిగ్రీల దూరం. రెండు 360లు పెడితే తేడా 9కి దిగి నీళ్లు 49 దగ్గర ఆగుతాయి. ఇంతటి వేడికి ఈ ప్రాంతంలో రెండు రేడియేటర్లు ఆడంబరం కాదు, అవసరం. కేస్ కొనేటప్పుడు చూడాల్సింది అద్దాలు, లైట్లు కాదు. పైన ఒక 360, ముందో పక్కనో ఇంకో 360 పడతాయా లేదా అన్నది. 30 మిల్లీమీటర్ల రేడియేటర్‌కు 25 మిల్లీమీటర్ల ఫ్యాన్ కలిస్తే 55 అవుతుంది. పైన బిగించేటప్పుడు ఆ 55 మదర్‌బోర్డు హీట్‌సింక్‌కు, ర్యాముకు తగలకూడదు.

60 మిల్లీమీటర్ల మందం రేడియేటర్ చూసి ఆశపడేవాళ్లు ఉంటారు. మందం రెట్టింపైతే చల్లదనం రెట్టింపు కాదు. వెనుక సగానికి చేరేసరికి గాలి అప్పటికే వేడెక్కి ఉంటుంది. చోటుంటే మందంకంటే వెడల్పు మేలు. రేకుల దట్టం విషయంలో మన ఊళ్లకు వేరే లెక్క కూడా ఉంది. పత్తి సీజన్‌లో వరంగల్ ఎనుమాముల మార్కెట్ చుట్టుపక్కల, జిన్నింగ్ మిల్లుల దారుల్లో దూది నూగు గాలిలో తేలుతుంటుంది. గోదావరిఖని, భూపాలపల్లి వైపు బొగ్గు దుమ్ము. అంగుళానికి 30 రేకులున్న రేడియేటర్‌లో ఈ నూగు చాప అల్లినట్టు పేరుకుంటుంది. 16 నుంచి 20 రేకులున్నది తీసుకుని, గాలి లోపలికి వచ్చే వైపు కడగడానికి వీలైన జాలీ పెట్టుకోవాలి.

రేడియేటర్ లోపలి లోహం సంగతి రాజీ లేనిది. రాగి, ఇత్తడి ఒక జాతి, అల్యూమినియం వేరే జాతి. రెండూ ఒకే నీళ్లలో తడిస్తే చిన్న బ్యాటరీ తయారైనట్టే: అల్యూమినియం కరిగిపోతూ ఉంటుంది, ఆ బురద, చిప్పు మీద కూర్చునే రాగి బ్లాకులోని సన్నని కాలువలను పూడుస్తుంది. పెంబర్తి పనివాళ్ల చేతిలో ఇత్తడి ఏళ్లకేళ్లు నిలిచినట్టు ఇక్కడా నిలుస్తుంది, పక్కన అల్యూమినియం లేకపోతే. చౌక కిట్లలో రేడియేటర్ అల్యూమినియందే ఉంటుంది. ‘మెటల్ రేడియేటర్’ అని మాత్రమే రాసి, ఏ లోహమో చెప్పకపోతే వదిలేయడం మంచిది. రాగి, ఇత్తడి, నికెల్ పూత కలిపి వాడినా ఇబ్బంది లేదు.

పంపు దగ్గర అనవసరమైన భయం ఒకటుంది: ప్రాసెసర్ వేడి నీళ్లు నేరుగా గ్రాఫిక్స్ కార్డులోకి పోతే ఎట్లా అని. నిమిషానికి ఒక లీటరు నీళ్లు పారుతుంటే, ఒక డిగ్రీ పెరగడానికి దాదాపు 70 వాట్లు కావాలి. నిమిషానికి 4 లీటర్లు పారే లూప్‌లో (నీళ్లు తిరిగే చుట్టులో) 540 వాట్లు మొత్తం కలిసినా నీళ్లు రెండు డిగ్రీలు కూడా పెరగవు. అందుకే ఏ భాగం తర్వాత ఏది అన్నది గొట్టం దారిని బట్టి నిర్ణయించుకోవచ్చు. ఒక్క నియమం మాత్రం తప్పనిసరి: రిజర్వాయర్ (నీళ్ల తొట్టి) పంపుకు నేరుగా ముందు, దానికంటే పైన ఉండాలి. డీ5 లోపలి బేరింగుకు నీళ్లే నూనె. కాసేపు ఎండుగా తిరిగినా అరుగుతుంది. రిజర్వాయర్, పంపు కలిసి వచ్చే జోడీ తీసుకుంటే ఈ బాధ సగం తీరుతుంది.

ప్రాసెసర్ బ్లాకుకు సాకెట్ సరిపోతే చాలు. గ్రాఫిక్స్ కార్డు బ్లాకు అట్లా కాదు. 4080 అని చెబితే సరిపోదు. ఏ కంపెనీ, ఏ మోడల్ కార్డు అన్నది బ్లాకు తయారీదారు జాబితాలో పేరుతో సహా ఉండాలి. ఒకే చిప్పున్న రెండు కార్డుల్లో కెపాసిటర్ల ఎత్తు, స్క్రూ రంధ్రాల చోటు వేరుగా ఉండొచ్చు. థర్మల్ ప్యాడ్ మందం అర మిల్లీమీటరు ఎక్కువైతే బ్లాకు చిప్పు మీద కూర్చోదు. అప్పుడు నీళ్లు చల్లగా ఉన్నా చిప్పు కాలుతుంటుంది.

ఫిట్టింగులు లెక్కేయడం తేలిక: భాగానికి రెండు. రెండు బ్లాకులు, రెండు రేడియేటర్లు, పంపు జోడీ కలిపి పది. ఇవి కాక 90 డిగ్రీల వంపువి మూడో నాలుగో, నీళ్లు దించడానికి అన్నిటికంటే కింద ఒక టీ ఆకారపు ఫిట్టింగు, ఒక బాల్ వాల్వ్. ఈ వాల్వ్ డబ్బు ఆదా చేద్దామని మానేస్తే, మొదటిసారి నీళ్లు మార్చేటప్పుడు అవి మదర్‌బోర్డు మీదే పడతాయి. ఫిట్టింగుల మర జీ 1/4 సైజు, సమాంతరమైనది, అంటే మొదలు నుంచి చివరిదాకా ఒకే లావు. కుళాయి సామాన్ల దుకాణంలో దొరికే, కొసకు సన్నబడే కోసు మర ఫిట్టింగు ఇందులో బిగిస్తే అక్రిలిక్ పగులుతుంది. లీకు ఆపేది రబ్బరు ఓ-రింగే. టెఫ్లాన్ టేపు వద్దు, రెంచీ వద్దు, చేతి బిగువు చాలు.

గొట్టం విషయంలో మా సలహా మొహమాటం లేకుండా: మొదటిసారి కట్టేవాళ్లు, ఏసీ లేని గదివాళ్లు నల్లటి ఈపీడీఎం రబ్బరు గొట్టం తీసుకోవాలి. లోపల 10, బయట 16 మిల్లీమీటర్లది, మూడు మీటర్లు. అందంగా ఉండదు, నిజమే. కానీ 60 డిగ్రీలు దానికి లెక్కలోకే రావు. పారదర్శక పీవీసీ గొట్టం నుంచి వేడికి ప్లాస్టిసైజర్ (మెత్తగా ఉంచే మందు) ఊడి బ్లాకులో జిగురుగా పేరుకుంటుంది. గట్టి గొట్టమే కావాలంటే పీఈటీజీ బదులు అక్రిలిక్. వేడికి ఎక్కువ ఓర్చుకుంటుంది, కోసేటప్పుడు మాత్రం పెళుసు. అక్రిలిక్ దేన్నీ స్పిరిటుతో, శానిటైజర్‌తో తుడవకూడదు; సాలెగూడులాంటి పగుళ్లు వస్తాయి.

ఇక నీళ్లు. బోరు నీళ్లలోని సున్నం బకెట్ హీటర్ మీద ఎట్లా పేరుకుంటుందో ప్రతి ఇంటికీ తెలుసు. బ్లాకులో కాలువ వెడల్పు అర మిల్లీమీటరు కూడా ఉండదు. ఆర్‌ఓ క్యాన్ నీళ్లలోనూ లవణాలు కొన్ని మిగులుతాయి. బ్యాటరీ దుకాణంలో అమ్మే డిస్టిల్డ్ వాటర్ తీసుకోవాలి. పక్కనే బ్యాటరీ యాసిడ్ డబ్బాలు కూడా ఉంటాయి, చీటీ చదివి తీసుకోండి. అందులో తుప్పును, నాచును ఆపే మందు కలపాలి, లేదా తయారుగా దొరికే రంగులేని కూలెంట్ పోయాలి. పాలలాంటి రంగు ద్రవాల్లోని రేణువులు అడుగున దిగుతాయి, ఫోటో దిగేంతవరకే బాగుంటాయి. లూప్‌కు లీటరు పైచిలుకు పడుతుంది; ఐదు లీటర్లు తెచ్చుకోవాలి, ఎందుకంటే కొత్త రేడియేటర్‌లో అతుకు మందు, లోహపు పొడి ఉంటాయి. వేడి నీళ్లు సగం పోసి బాగా ఊపి, శుభ్రంగా వచ్చేదాకా పారబోసి, చివరి రెండుసార్లు డిస్టిల్డ్ నీళ్లతో కడగాలి.

రేడియేటర్‌కు ఫ్యాను బిగించే స్క్రూ 30 మిల్లీమీటర్లది. 35ది దూరిస్తే రేడియేటర్ లోపలి నీటి గొట్టానికి చిల్లు పడే ప్రమాదముంది, ఆ రేడియేటర్ ఇక పనికిరాదు.

నీళ్లు పోయకముందే గాలి పంపుతో 0.5 బార్ ఒత్తిడి ఎక్కించి అరగంట చూడాలి. అంతకంటే ఎక్కితే రిజర్వాయర్‌కే ముప్పు. మధ్యాహ్నం ఎక్కించి సాయంత్రం చూస్తే ముల్లు కాస్త దిగుతుంది. గది 10 డిగ్రీలు చల్లబడితే 0.05 బార్ దాకా తగ్గడం సహజం, లీకు కాదు. తర్వాత పంపుకు తప్ప దేనికీ కరెంటు ఇవ్వకుండా, పవర్ సప్లై 24 పిన్నుల ప్లగ్గుకు జంపర్ (దాన్ని మదర్‌బోర్డు లేకుండా ఆన్ చేసే చిన్న ముక్క) పెట్టి, కొద్దికొద్దిగా పంపు ఆడిస్తూ నింపాలి. రిజర్వాయర్ ఖాళీ అవుతుంటే వెంటనే ఆపాలి. కేస్‌ను అటూ ఇటూ వంచితే రేడియేటర్‌లో చిక్కిన గాలి బయటికొస్తుంది. ఫిట్టింగుల కింద టిష్యూ కాగితం పరిచి రాత్రంతా అట్లాగే తిప్పండి.

ఫ్యాన్ల వేగం ప్రాసెసర్ వేడికి కాకుండా నీటి వేడి సెన్సర్‌కు కట్టాలి; లేకపోతే ప్రతి క్లిక్కుకూ ఫ్యాన్లు లేచి పడుకుంటుంటాయి. ఎండకాలం గదిలో డెజర్ట్ కూలర్ పెడితే లూప్‌కు నిజంగా మేలే. రేడియేటర్ చేయలేని పని కూలర్ చేస్తుంది: నీళ్లు ఆవిరవుతూ గాలిని చల్లబరుస్తాయి, చేల్పూరు థర్మల్ కేంద్రపు కూలింగ్ టవర్‌లో జరిగేది కూడా అదే. పొడి గాలి ఉన్న మే నెలలో గది 40 నుంచి 32కి వస్తే నీళ్లూ అంతే దిగుతాయి. కాకపోతే కూలర్ తుంపర నేరుగా కేస్ మీద పడితే బోరు నీటి ఉప్పు రేకుల మీద తెల్లగా పొర కడుతుంది. కూలర్‌ను దూరంగా, పక్కకు తిప్పి పెట్టండి. అన్నీ చేసినా నీళ్లు 55 దాటుతుంటే గ్రాఫిక్స్ కార్డు పవర్ హద్దు 320 నుంచి 260కి దించండి. గేముల్లో పోయేది కొద్ది ఫ్రేములే. రెండు రేడియేటర్లున్న లూప్‌లో నీళ్లు ఒక డిగ్రీ, ఒక్కటే ఉన్నదాంట్లో రెండు డిగ్రీలు తగ్గుతాయి.