ఎయిర్‌బ్రష్ జామవుతోందా? నాజిల్ మార్చే ముందు ఇది చదవండి: అపోహలు - వాస్తవాలు

ఎండలు ముదిరి, గాలితో రంగు చల్లే ఎయిర్‌బ్రష్ గన్నులతో గణపతి విగ్రహాలకు రంగులేసే పని మొదలైందంటే నాకు ఫోన్లు వస్తూనే ఉంటాయి. "అన్నా, గన్ను మళ్లీ జామైంది. నాజిల్ పోయినట్టుంది, నాగ్‌పూర్ నుంచి కొత్తది తెప్పియ్యాల్నా?" బల్లార్షా, రాజురా, సిరొంచ, ఎక్కణ్ణుంచి చేసినా ఇదే మాట. నాజిల్ అంటే రంగు బయటికొచ్చే మూతి. ఆర్డరు నెత్తిమీదుంటే చేతులు వణుకుతాయి, తెలుసు. కానీ తమ్ముడూ, ముందు గన్ను లోపలుండే సూది, అదే నీడిల్, బయటికి తీసి వెలుతురులో చూడు. మొన మీద ఆవగింజలో సగమంత రంగు ముద్ద ఉంటుంది. గోటితో గీకితే రబ్బరులా సాగి ఊడొస్తుంది. నీ పని ఆపింది అదే.

అపోహ: రంగు చిక్కగా ఉంది, ఇంకాస్త నీళ్లు పోస్తే సరి.

అందరూ మునిగేది ఇక్కడే. పలచన చెయ్యాల్సిందే, కాదనను. గన్నుకుండే రంగు కప్పు లోపలి గోడకు రాస్తే పాలలా జారి పల్చటి పొర మిగలాలి. అక్కడితో ఆపెయ్యండి. ఆ తర్వాతా జామవుతుంటే రంగు మొన మీద ఆరిపోతోందన్నమాట. అక్రిలిక్‌లో నీళ్లు ఆవిరైతే మిగిలిన బైండర్ (రంగును పట్టి ఉంచే జిగురు) రేణువులు అతుక్కుని పొర కడతాయి. ఆ పొర మళ్లీ నీళ్లకు కరగదు. మొనకు గాలి కొడుతూనే ఉంటుంది, పైన 45 డిగ్రీల చంద్రపూర్ ఎండ. మీరు పోసిన నీళ్లు కూడా అక్కడ ఆవిరైపోయేవే కదా! పైగా బైండర్ పలచబడి రంగుకు పట్టు పోతుంది.

ఒక మే నెలలో ఆరడుగుల విగ్రహానికి కళ్ల చుట్టూ షేడింగ్ వేస్తూ నేనూ అదే చేశాను. జామైనప్పుడల్లా నీళ్లు పోశాను. నల్లరంగు కంటి కొస నుంచి చెంప మీదికి సాలెపురుగు కాళ్లలా పాకింది. తెల్లవార్లూ కూర్చుని ముఖమంతా బేస్ నుంచి మళ్లీ వేశాను. ఆ కన్నీళ్లు ఇంకొకరికి రాకూడదనే ఇదంతా రాస్తున్నాను.

కావాల్సింది రిటార్డర్. ఆరడాన్ని నెమ్మదింపజేసేది అదే. పలచన చేసిన రంగు పది చుక్కలకు ఒక చుక్క, మండుటెండలో రెండు. ఇంకా పోస్తే రంగు ఆరక జిగటగా ఉండి దుమ్మంతా పట్టుకుంటుంది. విడిగా గ్లాసులో కలిపి, నైలాన్ గుడ్డలో వడగట్టి కప్పులో పొయ్యండి. నూలు గుడ్డ వద్దు, పోగులు ఊడి నాజిల్‌లో ఇరుక్కుంటాయి.

అపోహ: జామైతే ప్రెజర్ పెంచాలి.

గాలి పెరిగితే మొన ఇంకా త్వరగా ఆరుతుంది. సన్న షేడింగ్‌కు 20 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) చాలు. ఫ్యాను గన్ను మీదికి తిప్పకండి.

అపోహ: నాజిల్‌ని సూదితో పొడిస్తే శుభ్రమవుతుంది.

మూతి చీలుతుంది. అప్పుడు నిజంగానే కొత్తది కొనాలి.

అపోహ: ఏ థిన్నరైనా ఒకటే.

నీళ్లతో పలచన చేసే అక్రిలిక్ రంగులో లాకర్ థిన్నర్ పోస్తే పాలలా విరుగుతుంది. ఎవరో వీడియోలో చెప్పారని పోసి, గట్టిపడ్డ గన్ను నా దగ్గరికి తెస్తే ఒళ్లు మండుతుంది.

అలవాటు ఒక్కటి చేసుకోండి. ఆపేటప్పుడు ముందు రంగు ఆపి తర్వాత గాలి ఆపండి. అయిదారు నిమిషాలకోసారి తడి కుంచెతో మొన తుడవండి. వానలు పడ్డాక రిటార్డర్ తగ్గించి, గాలి పంపే కంప్రెషర్‌కుండే ట్రాప్‌లో (గాలిలోని తేమను పట్టే గిన్నెలో) చేరిన నీళ్లు రోజూ వదిలెయ్యండి.