పని మానేసినా లోపలే ఉండే దుమ్ము

మధ్యప్రదేశ్‌లోని అలీరాజ్‌పూర్, ఝాబువా జిల్లాల ఆదివాసులు పని వెతుక్కుంటూ పక్కనున్న గుజరాత్‌కు వలస పోతుంటారు. అక్కడ గోధ్రా, బాలాసినోర్ ప్రాంతాల ఫ్యాక్టరీల్లో తెల్లటి క్వార్ట్జ్ రాయిని మెత్తగా పొడి కొడతారు. ఆ పొడి మధ్యే వీళ్ల పని. కొందరు అక్కడ ఉన్నది కొన్ని నెలలే. ఊరికొచ్చి ఎప్పటిలా పొలం పనుల్లో పడ్డాక ఆయాసం పట్టుకుంది. ఇలా చనిపోయిన 238 మంది కుటుంబాలకు తలా 3 లక్షల రూపాయలు ఇవ్వాలని 2016లో సుప్రీంకోర్టు గుజరాత్ ప్రభుత్వాన్ని ఆదేశించింది.

ఆ జబ్బు సిలికోసిస్. దుమ్ముకు దూరమయ్యాక తగ్గాలి కదా అనిపిస్తుంది. తగ్గదు సరికదా, చాలామందిలో ముదురుతూనే ఉంటుంది.

కంటికి కనబడే దుమ్ములో ఎక్కువ భాగం ముక్కులోనో గొంతులోనో చిక్కుకుని కఫంతో బయటికొచ్చేస్తుంది. అసలు ప్రమాదం 5 మైక్రాన్ల లోపు రేణువులతో. తల వెంట్రుక మందంలో అవి పదో వంతు కూడా ఉండవు. మూతికి కట్టుకున్న తువ్వాలు వాటిని ఆపలేదు. నేరుగా ఊపిరితిత్తుల చివరనుండే గాలిగదుల్లోకి వెళ్లిపోతాయి. అక్కడ కాపలా కాసేవి మాక్రోఫేజ్ కణాలు. లోపలికొచ్చిన చెత్తను మింగి, ఎంజైములతో అరిగించుకోవడం వాటి పని. బ్యాక్టీరియా అయితే అరుగుతుంది, రాయి ఎలా అరుగుతుంది? ఆ స్ఫటికం ఎంజైములుండే సంచికే చిల్లు పెడుతుంది. కణం చచ్చిపోతూ వాపు పుట్టించే రసాయనాలు వదులుతుంది. చెక్కుచెదరని రాయి బయటపడుతుంది, దాన్ని ఇంకో కణం మింగుతుంది. దాని గతీ అంతే. ఒకే రేణువు ఇలా ఎన్ని కణాలనైనా బలి తీసుకోగలదు. చుట్టూ కొలాజెన్ అనే పీచులాంటి ప్రోటీన్ పేరుకుని గట్టి ముడులు కడతాయి. ముడి కట్టిన చోట ఊపిరితిత్తి సాగదు, రక్తంలోకి ఆక్సిజన్ సరిగా వెళ్లదు. ఆ ముడులను కరిగించే మందు ఇప్పటికీ లేదు.

కాపలా కణాలే దెబ్బతినడంతో క్షయ కూడా తేలిగ్గా అంటుకుంటుంది. రెండు జబ్బుల్లోనూ దగ్గు, ఆయాసం, బరువు తగ్గడం, ఎక్స్‌రేలో ఎక్కువగా పైభాగాన మచ్చలు. అందుకే సిలికోసిస్‌ను టీబీ అనుకుని నెలల తరబడి మందులు మింగించడం మన దేశంలో కొత్తేమీ కాదు. రెండూ కలిసి ఉండొచ్చు కూడా, అదింకో తలనొప్పి.

రోగిని ‘నీ వృత్తి ఏమిటి?’ అని తప్పక అడగాలని ఇటలీ వైద్యుడు రామజ్జినీ 1700లోనే రాశాడు. ఈ జబ్బుకు ఆ ప్రశ్న కూడా చాలదు. తక్కువ మోతాదు దుమ్ము పీల్చినవాళ్లలో లక్షణాలు బయటపడటానికి పదేళ్లు, అంతకన్నా ఎక్కువే పట్టొచ్చు. అప్పటికి ఆ మనిషి వాచ్‌మన్‌గానో, ఆటో నడుపుకుంటూనో ఉంటాడు. ఇప్పటి పని అడిగితే జబ్బు ఎక్కడిదో తెలియదు. గ్రానైట్‌లోనూ క్వార్ట్జ్ ఉంటుంది కాబట్టి, రాళ్లు కోసే షెడ్లలో, క్రషర్ల దగ్గర ఒకప్పుడు పనిచేసినవాళ్లు డాక్టరు అడగకపోయినా ఆ సంగతి చెప్పాలి. ఎక్కడ, ఎన్నేళ్లు చేశారో, రాయిని నీళ్లు పోసి కోసేవాళ్లో పొడిగానే కోసేవాళ్లో కూడా. పాత హాజరు చీటీ, జీతం కాగితం ఏదున్నా పారేయొద్దు. నష్టపరిహారం కేసులో అక్కడ పనిచేశామని నిరూపించుకోవడమే సగం గొడవ.