ఎన్ఆర్ఎల్‌లో నవంబరు 1: ఆటగాడికి సంతకం హక్కు ఎలా వచ్చింది?

ఆస్ట్రేలియా రగ్బీ లీగ్ పోటీ ఎన్ఆర్ఎల్‌లో కాంట్రాక్టులు అక్టోబరు 31తో ముగుస్తాయి. ఆఖరి ఏడాది మొదలయ్యే నవంబరు 1 నుంచే ఆటగాడు వేరే క్లబ్బులతో మాట్లాడుకోవచ్చు. 2026 అక్టోబరులో గడువు తీరే ఆటగాడు 2025 నవంబరులోనే ప్రత్యర్థి క్లబ్బుకు సంతకం పెట్టి, 2026 సీజనంతా పాత జెర్సీలోనే ఆడొచ్చు. అభిమానులకు ఇది మింగుడుపడదు. బదిలీలకు గడువు పెట్టండి, డ్రాఫ్ట్ (ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే పద్ధతి) తెండి అని అడుగుతూనే ఉంటారు. డ్రాఫ్ట్ ఒకసారి వచ్చి, కోర్టులో ఓడిపోయిందన్నది చాలామందికి గుర్తులేదు.

1960ల్లో సిడ్నీలో పద్ధతి వేరు. కాంట్రాక్టు ముగిసినా క్లబ్ తన ‘రిటెయిన్’ జాబితాలో పేరు రాసుకుంటే చాలు, ఆటగాడు కదలడానికి లేదు. ఆడించకపోయినా, డబ్బు ఇవ్వకపోయినా అంతే. వదిలిపెట్టాలంటే ట్రాన్స్‌ఫర్ ఫీజు అడిగేవారు. అంత పెట్టి కొనేవాళ్లు దొరక్కపోతే అతని కెరీర్ అక్కడే ఆగిపోయేది.

దీన్ని ఎదిరించినవాడు సిడ్నీ క్లబ్ బాల్‌మెయిన్ ఫార్వర్డ్ డెన్నిస్ టటీ. 1967లో దేశానికి ఆడిన అతను క్లబ్ వదలనందుకు 1969 సీజనంతా బయటే కూర్చున్నాడు. ఆ ఏడాదే బాల్‌మెయిన్ ఫైనల్లో సౌత్ సిడ్నీని 11–2తో ఓడించి టైటిల్ గెలిచింది. హక్కు కోసం అతను పోగొట్టుకున్నది అదీ. 1971 డిసెంబరులో హైకోర్టు, అంటే ఆస్ట్రేలియా అత్యున్నత న్యాయస్థానం, అతని పక్షాన తీర్పిచ్చింది. జట్లు సమవుజ్జీలుగా ఉండాలని లీగ్ కోరుకోవడం సబబే, కానీ ఈ నిబంధనలు అందుకు అవసరమైనదాన్ని మించి మనిషి బతుకుతెరువును అడ్డుకుంటున్నాయని తేల్చింది. ఆట అతనికి పూర్తికాల ఉద్యోగం కాదన్న వాదన నిలబడలేదు.

సమవుజ్జీల సమస్య మాత్రం తీరలేదు. 1990లో ఒక్కో క్లబ్ ఇచ్చే జీతాల మొత్తానికి పరిమితి పెట్టారు, దాని వెంటే డ్రాఫ్ట్ తెచ్చారు. కాంట్రాక్టు ముగిసిన ఆటగాళ్లను అట్టడుగు జట్టు ముందుగా ఎంచుకోవడం దాని పద్ధతి. టెర్రీ హిల్ అనే ఆటగాడు వెస్టర్న్ సబర్బ్స్ క్లబ్బుకు వెళ్లాలనుకుంటే డ్రాఫ్ట్ అతన్ని ఈస్టర్న్ సబర్బ్స్‌కు పంపింది. ఆటగాళ్లు మూకుమ్మడిగా కోర్టుకెక్కారు. మొదట ఓడినా, 1991లో ఫెడరల్ కోర్టు ఫుల్ బెంచ్ డ్రాఫ్ట్‌ను కొట్టేసింది. జీతాల పరిమితి ఇప్పటికీ ఉంది.

కాబట్టి డ్రాఫ్ట్ మళ్లీ కావాలనేవారు ముందు ఒక ప్రశ్నకు జవాబు చెప్పాలి: జీతాల పరిమితితో సాధ్యం కానిది డ్రాఫ్ట్‌తో ఏం సాధ్యమవుతుంది? అది చూపించలేకపోతే 1971 నాటి అభ్యంతరమే మళ్లీ ఎదురవుతుంది. లీగ్ ఇప్పుడు ఇలాంటి నిబంధనలను ఆటగాళ్ల సంఘంతో చర్చించి ఉమ్మడి ఒప్పందంలో రాసుకుంటున్నది కూడా ఈ చరిత్ర వల్లే.