ఈయం చెంబు, ఎముకల్లో సీసం

ఐదో నెల వచ్చాక మా చెల్లెలు చెన్నై మాంబలంలో చారుకోసం ఈయం చెంబు కొంది. "అసలు ఈయమేనట అక్కా" అంది. చిక్కంతా ఆ మాటలోనే ఉంది. మనకు తగరం వేరు, సీసం వేరు. తమిళంలో తగరం వెళ్ళీయం, సీసం కారీయం, రెండూ ఈయాలే. అచ్చమైన తగరంతో భయం లేదు. కానీ దాని ధర ఎక్కువ, సీసం చవక, రెండూ ఇట్టే కరిగి కలిసిపోతాయి. అలా కలిపిన చెంబులో చింతపండు పులుసు మరిగితే సీసం చారులోకి దిగుతుంది. రంగులో, రుచిలో ఏమీ తెలియదు. చెంబు అంచుతో కాగితం మీద గీశాను. గీత పడలేదు. ఉత్త సీసమైతే బూడిదరంగు గీత పడేది; కొంచెం కలిస్తే పడకపోవచ్చు. ల్యాబ్‌లో చూపించాల్సిందే.

చెంబు ఒక్కటే అయితే పక్కన పెట్టేయొచ్చు. ఎముకల సంగతే టెన్షన్. సీసం ఒంట్లో కాల్షియం వేషం వేసి ఎముకల్లో చేరి ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. పెద్దవాళ్ళ ఒంట్లోని సీసంలో 90 శాతానికి పైగా ఉండేది అక్కడే. కడుపులో బిడ్డకు ఎముకలు కట్టేటప్పుడు తిండిలో కాల్షియం చాలకపోతే, శరీరం తల్లి ఎముకల్లోంచి తీస్తుంది. సీసమూ వెంట వస్తుంది. తల్లినీ బిడ్డనూ కలిపే మాయ (ప్లాసెంటా) దాన్ని ఆపలేదు. బిడ్డ మెదడుకు ఇంత వరకూ ఫరవాలేదనే మోతాదు ఇప్పటిదాకా తేలలేదు. మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు ఆగింది 2000లో. మా చెల్లెలు అంతకుముందే మౌంట్ రోడ్డు పొగలో బడికెళ్ళిన పిల్ల.

మెక్సికోలో గర్భిణులకు రోజూ 1,200 మిల్లీగ్రాముల కాల్షియం ఇచ్చి చూస్తే రక్తంలో సీసం సగటున 11 శాతం తగ్గింది. పెద్ద సంఖ్య కాదు గానీ, పాలు, పెరుగు, రాగిజావ, డాక్టరిచ్చిన మాత్రతో అయ్యే పని. ఐరన్ తగ్గితే పేగుల్లో దాన్ని లోపలికి తీసుకునే దారులు పెరుగుతాయి, సీసం కూడా ఆ దారినే దూరుతుంది. ఖాళీ కడుపుతో ఉంటే ఇంకా ఎక్కువ. కాల్షియం, ఐరన్ మాత్రలు మాత్రం కలిపి వేసుకోకూడదు, మధ్యలో రెండు గంటలైనా ఉండాలి. వేవిళ్ళలో మట్టి, బలపాలు తినాలనిపిస్తే అది రక్తహీనత గుర్తు కావచ్చు. తిట్టకుండా రక్తపరీక్ష చేయించాలి. ఆ మట్టిలోనూ సీసం ఉండొచ్చు మరి.

చెంబును ఇంకా ల్యాబ్‌కు ఇవ్వలేదు. అందులో ఇప్పుడు చిల్లర వేస్తోంది. చారు స్టీలు గిన్నెలో పెడుతోంది. వాళ్ళ అత్తగారికి మాత్రం ఆ రుచి రాలేదట.