దిగే ముందు మదుము ఎక్కడుందో చూడండి: చెరువుల మీద అపోహలు, వాస్తవాలు

కొండల కింద చెరువులు, బందలు (చిన్న కుంటలు) చూపిస్తూ జనాన్ని నడిపించుకు వెళ్లడం పన్నెండేళ్లుగా నా పని. ఎస్.కోట దగ్గర పుణ్యగిరి దిగువన మొదలై రామతీర్థం కొండల చుట్టూ, అటు శ్రీకాకుళం జిల్లాలో టెక్కలి, సోంపేట దాకా తిరుగుతాం. వచ్చేవాళ్లకు నీళ్లంటే ఎంతో ఇష్టం, కానీ చెరువుతో పరిచయం తక్కువ. వాళ్ల నోట పదేపదే వినే మాటల్లో కొన్ని ప్రాణం మీదికి తెస్తాయి. ముందు అవే చెప్తాను.

అపోహ: చెరువు మధ్యలోనే లోతు, గట్టు పక్కన భయం లేదు.

మన చెరువుల్లో చాలావరకు వాటంతటవి ఏర్పడినవి కావు. కొండ మీంచి దిగే నీటికి అడ్డంగా మన తాతముత్తాతలు మట్టితో గట్టు పోశారు. నేల కొండ వైపు నుంచి గట్టు వైపుకు వాలి ఉంటుంది. కాబట్టి ఎక్కువ లోతు గట్టు కిందే, అందులోనూ మదుము (తూము) దగ్గర. నీరంతా పొలానికి పారాలనే కదా మదుమును పల్లంలో పెట్టారు! ఫొటోల కోసం మనవాళ్లు దిగేది సరిగ్గా అక్కడే. పేర్చిన రాళ్లు మెట్లలా కనిపిస్తాయి, వాటి మీద పాచి ఉంటుంది. జారితే కాలు ఆనదు. ఎగువన లోతు తక్కువే గానీ అక్కడ ఒండ్రు పేరుకుని మోకాలి దాకా దిగబడుతుంది.

అంతకంటే పెద్ద గండం పొక్లెయిన్ గొయ్యి. పలుగూ పారతో తవ్విన గొయ్యి మెల్లగా దిగుతుంది. పొక్లెయిన్ తవ్విన గొయ్యి అంచు గోడలా నిట్టనిలువుగా ఉంటుంది. నీళ్లు నిండాక పైనుంచి రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఒక ఆగస్టులో మాతో వచ్చిన కాలేజీ కుర్రాడు మోకాలి లోతులో నడుస్తూ ఇంకో అడుగు వేశాడు, అంతే, తల కనిపించలేదు. అరవనూ లేదు. మునిగేవాడు కేకలు వేస్తాడని మనం అనుకుంటాం, కానీ నోరు నీళ్లలో ఉంటే కేక ఎలా వస్తుంది? పక్కన గేదెల్ని కడుగుతున్న పెద్దాయన నీళ్లలోకి దూకలేదు. తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి, ఒక కొస చేత్తో పట్టుకుని రెండో కొస విసిరాడు. కుర్రాడి చేయి పైకి లేచినప్పుడు అది అందింది. ఒడ్డుకు లాగాక ఆయన నన్ను పక్కకు పిలిచి, "ఎండాకాలంలో ఈ చెరువు అడుగు చూడనోడివి, నీళ్లలో మనుషుల్ని దించకు బాబూ" అన్నాడు. ఆ తప్పు నాదే. అప్పట్నుంచి ప్రతి మే నెలలో ఎండిన చెరువులన్నీ నడిచి, గోతులు గుర్తు పెట్టుకుంటున్నాను. చూడని చెరువులో ఎవరినీ దిగనివ్వను.

అపోహ: ఆ చెరువు ఏటా ఒక మనిషిని తీసుకుంటుంది.

ఈ మాట వెనక కన్నబిడ్డల్ని పోగొట్టుకున్న ఇళ్లున్నాయి, అందుకే దీన్ని తేలిగ్గా కొట్టిపారేయలేను. కానీ ఒకే చోట మళ్లీ మళ్లీ ప్రాణాలు పోతున్నాయంటే అక్కడ గొయ్యో, ఊబో, తామర తూళ్లో ఉన్నట్టు. తూళ్లు కాళ్లకు చుట్టుకుంటే ఈత వచ్చినవాడికీ తప్పించుకోవడం కష్టం, గింజుకున్నకొద్దీ బిగుస్తాయి. ఆ చోట ఒక వెదురు పాతి ఎర్రగుడ్డ కట్టండి. కొత్తవాళ్లకు మీరు చేయగల పెద్ద మేలు అదే.

అపోహ: మునిగినవాడిని బయటికి తీయగానే పొట్ట నొక్కి నీళ్లు కక్కించాలి.

వద్దు. పొట్ట నొక్కితే కడుపులో ఉన్నది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తలకిందులుగా పట్టుకుని ఊపడం కూడా వద్దు. అప్పుడు కావలసింది ఊపిరి. వెల్లకిలా పడుకోబెట్టండి, ఒకరు 108కి ఫోన్ చేయండి. ఊపిరి ఆడకపోతే ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి ఊదాలి. తర్వాత రొమ్ము మధ్యలో గట్టిగా, వేగంగా 30 సార్లు నొక్కి, మళ్లీ 2 సార్లు ఊదాలి. అంబులెన్స్ వచ్చేదాకా ఆపకూడదు. టెన్షన్‌లో చేతులు వణుకుతాయి కాబట్టి ఇది ముందే ఎవరి దగ్గరైనా నేర్చుకుని ఉండాలి.

అపోహ: కొండ ఊట తేటగా ఉంది, తాగొచ్చు.

తేటదనం కంటికే తెలుస్తుంది, అందులోని క్రిములు కంటికి కనబడవు. గెడ్డ (వాగు) ఎగువన పశువులు దిగుతాయి. మరిగించని నీరు మా బృందంలో ఎవరూ తాగరు.

అపోహ: నీళ్లలో పాము కనిపిస్తే విషప్పామే.

చెరువుల్లో ఎక్కువగా కనిపించే నీరుకట్టెకు విషం లేదు. రాత్రి గట్టు మీద గడ్డిలో నడిచేటప్పుడు మాత్రం టార్చి వేసుకోండి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి తిరిగేది అక్కడే.

అపోహ: తేలినీలాపురం, తేలుకుంచి పక్షులు సైబీరియా నుంచి వస్తాయి.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే, ఎందుకంటే మన పక్షుల్ని మనమే పరాయివి చేస్తున్నాం. టెక్కలి దగ్గర తేలినీలాపురంలో గూళ్లు కట్టే గూడబాతులు, పెయింటెడ్ స్టార్క్ కొంగలు, ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి వచ్చే ఓపెన్‌బిల్ కొంగలు మన దేశపు పక్షులే. నీళ్లు, తిండి ఉన్న చోటికి మారుతూ ఉంటాయి. ఉత్తరం నుంచి చలికాలం గడపడానికి వచ్చే సూదితోక బాతుల్లాంటివి వేరే ఉన్నాయి, అవి ఇక్కడ గుడ్లు పెట్టవు. మన చెట్ల మీద గూడు కట్టి పిల్లల్ని లేపిన పక్షికి ఇదే పుట్టిల్లు. ఓపెన్‌బిల్ ముక్కు మధ్యలో సందు ఉంటుంది. దాని ముఖ్యమైన తిండి నత్తలు. తొలకరి పడి పొలాల్లో, బందల్లో నత్తలు లేచాకే దాని సంసారం మొదలవుతుంది.

అపోహ: ఎండిన చెరువు పనికిరాని నేల.

సోంపేట దగ్గరి బీల అనే చిత్తడి నేలను కూడా ఇలాగే పనికిరాని నేల అన్నారు. అక్కడ థర్మల్ ప్లాంటు వద్దని జనం అడ్డుపడితే 2010 జూలైలో కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి, ప్లాంటుకిచ్చిన పర్యావరణ అనుమతి రద్దయింది. ఆ తడి నేలను నమ్ముకుని బతికేవాళ్లు ఎందరో.

నెర్రెలు విచ్చిన చెరువు కూడా చచ్చిపోయినట్టు కాదు. కొర్రమీను గాలి పీల్చుకుని తడి బురదలో రోజులు నెట్టుకొస్తుంది. పోయిన మేలో పిల్లలతో ఒక బందలో నడుస్తుంటే, ఒక పాప నెర్రెలోంచి నత్తగుల్ల తీసి "ఖాళీదండీ" అంది. తిప్పి చూస్తే లోపల మూత బిగించి ఉంది, చేతికి బరువుగా తగిలింది. బకెట్లో నాలుగు చెంబుల నీళ్లు పోసి అందులో వేశాం. రాత్రి భోజనాలయ్యాక టార్చి వేసి చూశాం. మూత పక్కకు జరిగి ఉంది, రెండు సన్నటి మీసాలు అటూ ఇటూ తడుముతున్నాయి. పొద్దున్నే మదుము దగ్గర మిగిలిన కాస్త నీటిలో దాన్ని వదిలేసి నడక మొదలుపెట్టాం.